చౌడెక్కిన గోడలో స్విచ్ బాక్సు: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చి॥ బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ ఇంటికి కొత్త వైరింగ్ నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత టెస్టర్ పట్టింది నువ్వే. మీ అత్తని పిలిచి రెండుసార్లు చెప్పి మురిసిపోయాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ గోడలు నాకు తెలుసు కదా.

సున్నంతో కట్టిన గోడలవి. కోనసీమ నేలలో చెమ్మ ఎప్పుడూ ఉండేదే. దానికితోడు 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి గోడలన్నీ నానాయి. అప్పట్నించీ నడుమెత్తు దాకా చౌడెక్కింది. నేలలోంచి పైకి పాకిన నీళ్ళు ఆరిపోతాయి, వాటిలోని ఉప్పు ఇటుకలోనే ఉండిపోయి లోపల్నించి పగలదీస్తుంది. గోరుతో గీకితే ఎర్రపొడి రాలేది అందుకే.

మెయిన్ తీసెయ్యి, టెస్టర్‌తో చూసుకో, రసమట్టం పెట్టి గీతలు గీసుకో. ఇవి ఐటీఐలో నీకు నేర్పే ఉంటారు.

నేర్పనిది చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1989లో, పనిలో చేరి మూడేళ్ళయినప్పుడు, ఒక పాత మండువా ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకి ఇనప బాక్సు పెట్టాను. గుంట తీస్తుంటేనే చుట్టూ ఇటుకలు కదిలాయి. పొద్దుపోయింది, ఆఖరి బస్సు పోతుందని టెన్షన్. పొడి దులపలేదు, గోడ తడపలేదు. ఇసుక తగ్గించి సిమెంటు ఎక్కువేస్తే రాయిలా పట్టేస్తుందనుకున్నాను. ఎర్తు వైరు బాక్సుకి రేపు బిగిద్దాంలే అని లోపల మడిచి పెట్టాను. మర్నాడు ఇంకో ఊళ్ళో పని తగిలింది.

రెండు నెలల తర్వాత ఆ ఇంటి మామ్మగారు ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగితే బాక్సు సిమెంటు ముద్దతో సహా పన్ను ఊడినట్టు ఊడొచ్చింది. బాక్సు అంచుకి రాసుకుని వైరు మీది తొడుగు తెగింది. ఎర్తు లేని ఇనప బాక్సుకి కరెంటు వచ్చేసింది. కాళ్ళకి రబ్బరు చెప్పులు ఉండబట్టి సరిపోయింది కానీ అరచెయ్యి కాలింది. కబురు అంది పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఎండన పడి వచ్చాడు, అబ్బాయికి మజ్జిగ ఇవ్వమని కోడలికి చెప్పింది. తిట్టినా బాగుండేది బుజ్జీ.

ఊడిన ముద్ద నిజంగానే రాయిలా ఉంది. వెనక్కి తిప్పితే నిండా ఎర్రపొడి. అక్కడే పనిచేస్తున్న తాపీమేస్త్రి చూసి, "పీటకి అంటుకోకూడదని అప్పడానికి పిండి అద్దుతాం. నువ్వు గోడకి అదే చేశావు" అన్నాడు. ఆ రోజు ఆయనే దగ్గరుండి మళ్ళీ పెట్టించాడు.

సమ్మెటతో బాదకు. కటింగ్ మిషన్‌తో చుట్టూ గీత కోసి, లోపల చిన్న ఉలితో మెల్లగా తియ్యి. మూతికి గుడ్డ కట్టుకో, కళ్ళద్దాలు మర్చిపోకు. చేత్తో కదిపితే కదిలే ఇటుక ఏదైనా బయటికి తీసెయ్యి. గుంట రెండింతలైనా బాధపడకు. బ్రష్షుతో పొడంతా దులిపి నీళ్ళు పట్టించు. ఎండిన ఇటుక మాలులోని నీళ్ళు లాగేసుకుంటే మాలు గట్టిపడదు. పై తడి మెరుపు పోయాక, సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు పాళ్ళు కలిపి, మంచి ఇటుక ముక్కలు గుచ్చి గుంట పూడ్చుకుంటూ రా. ఉత్త సిమెంటు ఆ మెత్తటి గోడకి మరీ మొండిది. బాక్సు అంచు ప్లాస్టరింగ్‌తో సమంగా రావాలి. మరలు పట్టే చెవులకి టేపు అంటించి, బాక్సులో కాగితాలు కుక్కు. వారం రోజులు తడుపు, అన్నాళ్ళూ ఆ గదిలో కరెంటు ఇవ్వకు. మీ తరానికి ఓపిక తక్కువ. (నాకూ తక్కువేలే.)

అమ్మమ్మ గదికీ వంటింటికీ మధ్య గోడ నాలుగున్నర అంగుళాలే. దానికి అటూ ఇటూ ఒకే చోట బాక్సులు పెట్టావంటే చెవి మెలేస్తాను. అక్కడ అసలు గోడ తవ్వకు. గోడ మీదే బిగించే కేసింగ్ పట్టీలో వైరు లాగి, పైబాక్సు గట్టి ఇటుకలోకి మరలతో బిగించు. చూడ్డానికి బాగోదని మీ అమ్మ అంటుంది, అననీ.

గోడ ఆరాక ప్రతి బాక్సునీ రెండు చేతులతో పట్టుకుని లాగి చూడు. మొహమాటపడకుండా లాగు. పైపులు వచ్చే రంధ్రాలకి రబ్బరు బుష్షులు వెయ్యి. కరెంటు లీకైతే టక్కున ఆపేసే ముప్ఫై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కొనడానికి డబ్బులు చాలకపోతే నేను పంపుతాను, మీ నాన్నని అడగకు.

ఆకుపచ్చ ఎర్తు వైరు బాక్సుకి బిగించాక, ప్లేటు మూసేముందు ఒక్కో బోర్డుకీ ఫోటో తీసి నాకు పంపు. టార్చి వేసి దగ్గరగా తియ్యి, ఈమధ్య నాకు చూపు ఆనడం లేదు. నేను ఫోన్ చేసి సరే అనేదాకా ఏ ప్లేటూ మూయకు.

మీ మామయ్య