పైకప్పు తెరుచుకునే కారుకు బదులు ఏది?

ప్రశ్న: ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న నా రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పైకప్పు మోటార్లు మొరాయిస్తున్నాయి, విడిభాగాలు దొరకడం లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో అదే ఆనందాన్నిచ్చే మరో కారు సూచించగలరా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ కారులో మీకు నచ్చింది తెరిచిన ఆకాశమా, మలుపుల్లో స్టీరింగ్ చెప్పినట్టు వినడమా అన్నది ముందు తేల్చుకోండి. ఆకాశమే చాలనుకుంటే గుడ్డ కప్పు ఉన్న మహీంద్రా థార్ జీపు సరిపోతుంది. అయితే ఎత్తైన బండి కావడంతో మలుపుల్లో ఒరుగుతుంది, దాన్ని స్పోర్ట్స్ కారు అనలేం.

మినీ కూపర్ కన్వర్టిబుల్‌కు నాలుగు సీట్లున్నా, 215 లీటర్ల డిక్కీ కప్పు తెరిచినప్పుడు 160కి తగ్గిపోతుంది. 2018లో వచ్చిన మూడో తరం బి.ఎం.డబ్ల్యు. జెడ్4 గుడ్డ కప్పు మాత్రం గంటకు 50 కిలోమీటర్ల వేగం వరకు, సుమారు 10 సెకన్లలో తెరుచుకుంటుంది. 281 లీటర్ల డిక్కీలో కోత పడదు. రెండు సీట్లకు అలవాటుపడిన మీకు నా ఓటు దీనికే. కాకపోతే కారు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక, మీ వీధిలోని స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా, నెమ్మదిగా దాటాలి. కొండ మీద కోతుల గోళ్లకు గుడ్డ కప్పు చిరిగే భయం ఉంటే, 2009–2016 మధ్య వచ్చిన లోహపు కప్పు జెడ్4ను పాతదిగా వెతకవచ్చు, కానీ మోటార్ల తలనొప్పి మళ్లీ మొదలుకావచ్చు.

పాత బండైతే కప్పును పలుమార్లు తెరిచి మూయించి, కప్పు నుంచి నీరు కారి సీట్ల కింద తివాచీ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి. పొరుగు రాష్ట్రపు బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. ఆ మొత్తాన్ని బేరంలోనే లెక్కవేసుకోండి.