పారామీటర్ల వరుస గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

డేటాబేస్‌కి పంపే ఆదేశంలో, అంటే క్వెరీలో, విలువల కోసం వదిలే ఖాళీల గురించి, అదే పారామీటర్ల గురించి, నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మధ్యలో ఒక వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. "పారామీటర్లకు పేర్లు పెట్టాం కాబట్టి వాటిని ఏ వరుసలో జతచేసినా ఫర్వాలేదు" అని రాశావు. దాని కిందే యాక్సెస్ డేటాబేస్‌కి ఓఎల్ఈడీబీ అనే వారధితో కనెక్టయ్యే ఉదాహరణ ఇచ్చావు. ఆ ఉదాహరణని నువ్వు నడిపి చూడలేదని అక్కడే తెలిసిపోయింది.

నీ కోడే తీసుకుందాం. అప్‌డేట్ క్వెరీలో ముందు జీతం, తర్వాత ఏ రికార్డో చెప్పే వేర్ దగ్గర ఉద్యోగి ఐడీ. కోడ్‌లో విలువల్ని జతచేసేటప్పుడు మాత్రం ముందు ఐడీ, ఆ తర్వాత జీతం. ఐడీ 412, కొత్త జీతం 30000 అనుకో. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి వాడే ఎస్‌క్యూఎల్‌క్లయింట్ అనే వారధి అయితే పేర్లు చూసి కలుపుతుంది, అక్కడ నీ మాట నిజమే. ఓఎల్ఈడీబీ పేర్లను పట్టించుకోదు. ఎట్ (@) గుర్తు పెట్టి ఎంత చక్కటి పేరు రాసినా దానికి అదొక ప్రశ్నార్థకం, అంతే. ముందు ఇచ్చిన విలువ ముందున్న ఖాళీలోకి పోతుంది. అంటే 30000 ఐడీ ఉన్న ఉద్యోగి జీతాన్ని 412 చెయ్యమని అడిగావన్నమాట. ఆ ఐడీ ఎవరికీ లేకపోతే ఒక్క రికార్డూ మారదు, ఎర్రరూ రాదు. సున్నా రికార్డులు మారాయని, క్వెరీని నడిపే ఎగ్జిక్యూట్‌నాన్‌క్వెరీ చెబుతూనే ఉంటుంది గానీ, ఆ అంకెను నీ కోడ్ చూడనే లేదు. ఖర్మకాలి ఆ ఐడీతో ఎవరైనా ఉంటే వాళ్ల జీతం 412 అయి కూర్చుంటుంది. టైపులు అసలు కుదరని విలువలై ఉంటే ఎర్రరొచ్చేది, బతికిపోయేవాళ్లం.

నా దగ్గరికి వ్యాసం పంపిన ప్రతి ఒక్కరికీ చెప్పేదే నీకూ చెబుతున్నాను: తప్పు రాసినా నోరు మెదపని చోటు ఏదో పాఠకుడికి చూపించు. ఎర్రరొచ్చే తప్పుని వాళ్లే దిద్దుకుంటారు, దానికి నువ్వక్కర్లేదు.

అలాంటి చోట్లు నీ అంశంలోనే బోలెడున్నాయి. ఒరాకిల్ డేటాబేస్‌కి వాళ్లే ఇచ్చే వారధి ఓడీపీ డాట్‌నెట్‌లో కోలన్ పెట్టి పేర్లు రాస్తాం. పేరు చూసి కలపమనే బైండ్‌బైనేమ్‌ని ట్రూ చెయ్యకపోతే అదీ వరుస ప్రకారమే కలుపుతుంది. ఒకే పేరు క్వెరీలో రెండు చోట్ల వస్తే విలువనూ రెండుసార్లు ఇవ్వాలి. పైథాన్ ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్‌లో క్వెరీలో పేర్లు రాసి, విలువల్ని పేర్లతో సహా ఉండే డిక్షనరీగా కాక, పేర్లు లేని వరుసగా, అంటే టపుల్‌గా ఇస్తే, ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా వరుసలో కలిపేసింది. 2023లో వచ్చిన 3.12లో గానీ హెచ్చరిక మొదలవలేదు. జావా వాళ్లు వాడే జేడీబీసీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లో అసలు పేర్ల గొడవే లేదు. అన్నీ ప్రశ్నార్థకాలే, లెక్క 1 నుంచి. నన్నడిగితే అదే నయం. పేరు ఉందన్న భరోసాతో ఎవరూ నిద్రపోరు.

ఒకప్పుడు ఇదే విషయం రాసి ఒక పత్రికకు పంపాను. అక్కడి ఎడిటర్ గారి దృష్టిలో కోడ్ అంటే పేజీకి పట్టిన చీడ. చూడ్డానికి బాగుంటుందని పారామీటర్ల లైన్లను అక్షరక్రమంలో సర్దేశారు. వ్యాసమేమో వరుస గురించి! ఇదేమిటండీ అంటే "పేర్లున్నాయి కదా" అన్నారు. అచ్చం నీ వాక్యమే. సవరణ వెయ్యమంటే చోటు లేదన్నారు. ఆయన సంపాదకీయానికి మాత్రం ఏ నెలా చోటు తక్కువ కాలేదు.

ఈమధ్య ఇంకో రకం తయారయ్యారు, ఎస్‌క్యూఎల్ అనే క్వెరీ భాషని మన బదులు తనే రాసిపెట్టే ఓఆర్ఎం లైబ్రరీని నమ్ముకుని "ఓఆర్ఎం ఉండగా ఎస్‌క్యూఎల్ ఎవరు రాస్తారండీ" అనేవాళ్లు. రిపోర్టు నత్తనడక నడిచిన రోజున కూర్చుని చేత్తో క్వెరీ రాసేదీ వాళ్లే. వాళ్లని మెప్పించాలని ఈ అంశం వదిలెయ్యకు.

శైలి గురించీ, పుస్తకం వెయ్యడం గురించీ ఏదేదో అడిగావు. వాటికిప్పుడు తొందరేం లేదు. ముందు ఆ లైన్లను క్వెరీలో ఉన్న వరుసలోకి మార్చు. మారిన రికార్డుల అంకె 1 కాకపోతే ఆపేసే చెకింగ్ ఒకటి కలుపు. తర్వాత కాపీ టేబుల్ మీద, కాపీ మీదే సుమా, తప్పు వరుసతో నడిపి ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు వ్యాసంలో పెట్టు. విలువ ముసుగులో దొంగ ఎస్‌క్యూఎల్ చొప్పించే ఇంజెక్షన్ గురించి రాసిన భాగం బాగుంది, దాన్ని ముట్టుకోకు.