జ్వరం తగ్గింది, కాళ్లు ఇంకా వణుకుతున్నాయి

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 52, బరువు 60 కిలోలు. బడిలో పాఠాలు చెబుతాను. వైరల్ జ్వరం తగ్గి పది రోజులైంది. పరీక్షల్లో లోపమేమీ లేదన్నారు. అయినా రెండో అంతస్తు ఎక్కితే కాళ్లు వణుకుతున్నాయి, బోర్డు మీద నాలుగు వరుసలు రాసేసరికి చెయ్యి లాగేస్తోంది. జ్వరంలో బ్రెడ్డు, పళ్లరసం తప్ప ఏమీ సహించలేదు. ఇప్పటికీ అవే తింటున్నాను. మా వారు తెచ్చిన విటమిన్ సి మాత్రలు కూడా వేసుకుంటున్నాను. ఇంకేం తింటే త్వరగా కోలుకుంటాను?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ వారు ఏమీ అనుకోనంటే మాత్రల సంగతి ముందు తేల్చేద్దాం. విటమిన్ సి ఏడాది పొడవునా వేసుకునే పెద్దవాళ్లలో జలుబు సుమారు 8 శాతం త్వరగా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. అంటే వారం ఉండే జలుబు అరరోజు ముందు పోతుంది. జబ్బు మొదలయ్యాక వేసుకున్నవారిలో ఆ మాత్రం మేలు కూడా నికరంగా కనిపించలేదు. మీకైతే జ్వరమే పోయింది. ఈ సీసా అయ్యాక ఇంకోటి కొనకండి.

ఇక కాళ్లు. జ్వరం ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు పది శాతం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆకలి చచ్చిపోతుంది. తిండి రాకపోయేసరికి శరీరం కండరాలను కరిగించి, వాటిలోని ప్రోటీను విడిపోగా వచ్చే అమైనో ఆమ్లాలను కాలేయానికి, రోగనిరోధక కణాలకు అందిస్తుంది. వైరస్‌తో యుద్ధానికి మీ తొడలు అప్పిచ్చాయన్నమాట. బ్రెడ్డుతో, పళ్లరసంతో ఆ అప్పు తీరదు, ప్రోటీను కావాలి.

నాకూ ఒకసారి ఫ్లూ వచ్చింది. ఊరందరికీ పథ్యం చెప్పే నేను వారం పాటు టీ, బిస్కట్లతో గడిపాను. లేచాక తూచుకుంటే మూడు కిలోలు తగ్గాను. పొట్ట కరిగిందని మురిసిపోయాను. అద్దంలో చూస్తే పొట్ట పొట్టలాగే ఉంది, ప్యాంటు తొడల దగ్గర మాత్రం వదులైంది! ఆ పూట నీళ్ల బకెట్టు ఎత్తబోతే సగం నీళ్లు నా పాదాల మీదే పడ్డాయి.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీను చాలు. కోలుకునేటప్పుడు 1.2 గ్రాముల దాకా కావాలి. మీ బరువుకు లెక్కేస్తే 72 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, గ్లాసు పాలలో ఆరేడు, కప్పు ఉడికించిన శనగల్లో పద్నాలుగు. ఒక్కసారి కూర్చుని ఇదంతా తినలేరు, ప్రయత్నించకండి కూడా. మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. పళ్లెంలో గుడ్డు, పప్పు, చేప, ఏదుంటే అది ముందు తిని, అన్నమో బ్రెడ్డో తర్వాత ముట్టుకోండి. వాసనకే వికారమైతే చల్లార్చి తినండి, చల్లటి తిండికి వాసన తక్కువ. పళ్లరసం బదులు పండే తినండి.

తిన్నది కండగా మారాలంటే కండరానికి పని ఉండాలి. ఈ వారం ఒక అంతస్తే ఎక్కండి. మర్నాడు ఒళ్లు మరీ కూలబడినట్టు ఉంటే అదీ తగ్గించండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు నేను చెప్పిన ప్రోటీను లెక్క పాటించకూడదు, తమ వైద్యుణ్ని అడగాలి. మీకు మళ్లీ జ్వరం వచ్చినా, ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు పచ్చబడటం కనిపించినా తిండితో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.