చంటికి, కుక్కపిల్ల సంగతి

ఒరే చంటీ,

నువ్వు కుక్కపిల్లని తెస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. లాబ్రడారా, జర్మన్ షెపర్డా అని ఇంకా తేలలేదట. చిన్నప్పుడు మా వాకిట్లో కోడిపుంజు తరిమితే గోడెక్కి ఏడ్చినవాడివి, నీకు కుక్కా అని నవ్వొచ్చింది, ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే 'సరే అత్తా, సరే అత్తా' అంటావు గానీ వినవు, అందుకే రాస్తున్నా.

టీకాలు ఆరెనిమిది వారాలకి మొదలుపెట్టి పదహారు వారాల దాకా డాక్టరు చెప్పిన తేదీలకే వేయించు, మూడో నెల్లో రేబిస్ది. అవి పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట దింపొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే కళ్ళముందే పోతుంది. గోమార్లకి నెలనెలా మందు తప్పొద్దు. మన నెల్లూరు ఎండల్లో పొద్దున్నే, చీకటి పడ్డాకే నడక.

పిల్ల ధర దగ్గర తెగ బేరమాడుతున్నావట. అది ఒక్కసారి ఇచ్చేదిరా. పెరిగాక రెండూ ముప్పై కేజీలకి అటూ ఇటూ, షెపర్డ్ మగదైతే నలభై దాకా పోతుంది. నులిపురుగుల మాత్ర పది కేజీలకొకటి, గోమార్ల మందు, మత్తుమందు, యాంటీబయాటిక్ అన్నీ బరువుని బట్టే, మేత చూస్తే నెలకి పది కేజీల పైమాటే. మీ పక్కింటివాళ్ళ చిట్టి పగ్ కుక్క ఖర్చు చూసి లెక్కలేసుకోకు.

లాబ్రడార్‌తో చిక్కల్లా దాని కడుపు. వాటిలో దాదాపు నాలుగోవంతుకి తిన్నా ఆకలి తీరని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి వాళ్ళు తేల్చారు. ఒళ్ళు చేస్తే కీళ్ళు పోతాయి. చెవులు వేలాడతాయి కాబట్టి తడి ఆరక చీము పడుతుంటాయి, స్నానం చేయించాక తుడవాలి. షెపర్డ్‌కైతే పొట్ట ఉబ్బి మెలిపడే జబ్బుంది, గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే బతకదు. అర్ధరాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు ఊళ్ళో ఉన్నాడో లేడో పిల్లని తెచ్చేముందే కనుక్కో, లేదంటే చెన్నై పరిగెత్తాలి. ముసలితనంలో వెన్ను దెబ్బతిని వెనక కాళ్ళు చచ్చుబడేది కూడా వీటిలో ఎక్కువే.

తుంటి కీలు సరిగా అమరకపోవడం మాత్రం రెండిటికీ ఉంది. నా భయమంతా దానిమీదే.

మా భీముడు నీకు గుర్తున్నాడో లేదో. షెపర్డే. నాలుగో నెల్లో ఒక చెవి నిలబడి రెండోది వాలిపోయింది. పళ్ళు మారే వయసులో అలా వాలడం, మళ్ళీ లేవడం మామూలే, కానీ మాకేం తెలుసు? ఎవరో కాల్షియం తక్కువన్నారు. మీ మామయ్య పూటకో మూత సిరప్ పోసేవాడు, నేనేమో కోడిగుడ్డు పెంకుల పొడి కూడా అన్నంలో కలిపి, పైన నెయ్యేసి పెట్టేదాన్ని. ఆ వయసు పెద్దజాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైతే ఒళ్ళు దాన్ని వదిలించుకోలేదట, ఎముకలే పాడవుతాయట. కంపెనీ మేతలో సరిపడా ఉంటుంది, పైన ఒక్క చుక్క అక్కర్లేదు. ఇది మాకు డాక్టరు చెప్పేసరికి వాడికి ఎనిమిదో నెల. చెవి మాత్రం నిలబడింది.

దానికితోడు మా ఇల్లు. గ్రానైట్ గనులున్న చీమకుర్తిలో ఉంటూ నాపరాయి ఏంటని మీ మామయ్య ఇల్లంతా గెలాక్సీ గ్రానైట్ పరిపించాడు, నల్లరాయి మీద బంగారు చుక్కలు మెరుస్తూ అద్దంలా ఉండేది. ఆ నున్నటి రాయి మీద వాడు గిన్నె చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చి, వెనక కాళ్ళు రెండూ చెరోపక్కకి జారి, కప్పలా చతికిలబడేవాడు. మేం పగలబడి నవ్వేవాళ్ళం. మెట్లెక్కేటప్పుడు రెండు కాళ్ళూ కలిపి కుందేలులా గెంతుతుంటే ఎంత హుషారో అనుకున్నాం. నొప్పికి గెంతుతున్నాడురా వాడు. ఎక్స్‌రేలో చూపించారు, తుంటి గుంటలో కూర్చోవాల్సిన తొడ ఎముక గుండు సగం బయటికుంది. పుట్టుకతో వచ్చిందీ ఉంటుంది, మొత్తం మీ తప్పు కాదన్నాడు డాక్టరు. సగమైతే మాదేగా.

ఆ రోజే ఇల్లంతా గోనెపట్టాలు పరిచాం. ఇంత ఖరీదైన రాయి పెట్టుకుని పట్టాలేంటని వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. తొమ్మిదేళ్ళు బతికాడు, చివరి రెండేళ్ళూ పొట్టకింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుంటేగాని వాకిట్లోకి పోలేకపోయేవాడు.

అందుకని పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు తల్లిని నడిపించి చూడు, వీలైతే తండ్రిని కూడా. తుంటి ఎక్స్‌రేలు అడుగు. వంశం కాగితం చూపించి తప్పించుకుంటారు, కాగితంలో తుంటి ఉండదు. మూడు నెలల్లోపు మెట్లెక్కనివ్వకు, ఎత్తుకుని దిగు. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. 48 లాబ్రడార్లని పిల్లలప్పట్నుంచీ పెంచి చూశారట, నాలుగోవంతు మేత తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయని 2002లో రాశారు. నువ్వు పెట్టకపోయినా మీ అమ్మ దొంగతనంగా పెడుతుంది, వదిన సంగతి నాకు తెలుసు, డబ్బా తాళమెయ్యి.

నన్నడిగితే లాబ్రడారే తెచ్చుకో. షెపర్డ్ వద్దనడంలో నా స్వార్థం కూడా ఉంది, మళ్ళీ ఆ చెవులు చూడలేను. అయినా నీ ఇష్టం.

మీ ఫ్లాట్‌లో టైల్స్ ఎలాంటివో ఫోటో పంపు. గోనెపట్టాలు అటకమీదే ఉన్నాయి, నిన్న దింపి ఉతికాను. ఇంకా ఆరలేదు, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ అత్త