ఎక్సెల్ నుంచి ఈఆర్పీలోకి బిల్లులు ఎక్కట్లేదా, ముందు సున్నా సంగతి చూడండి

మీరడిగింది మిర్చి కమీషన్ షాపు బిల్లులు ఎక్సెల్ నుంచి ఈఆర్పీలోకి (షాపు లెక్కలు, సరుకు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తుంటే ఫారిన్ కీ ఎర్రర్ వచ్చి కొన్ని లైన్లు ఆగిపోతున్నాయని కదండీ. అదేం బ్రహ్మపదార్థం కాదు, బిల్లులో ఉన్న కోడ్ మాస్టర్ టేబుల్లో (కొనే, అమ్మే పార్టీలు, ఐటమ్‌ల అసలు జాబితా) లేదని చెప్తోంది అంతే. గుంటూరులో నేను చూసిన వాటిల్లో దొంగ ఎక్కువగా ఎక్సెలే, ఎండుమిర్చి హెచ్ఎస్ఎన్ (జీఎస్టీలో సరుకుకిచ్చే కోడ్) 0904 కదా, సీఎస్‌వీ ఫైల్ని (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) ఊరికే డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేశారనుకోండి ముందున్న సున్నా ఎగిరిపోయి 904 మిగుల్తుంది, మరి మాస్టర్లో 904 ఎక్కడుంటది? ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి ఇంపోర్ట్ చేసుకోండి. బ్యాంకు అకౌంట్ నంబర్లూ అంతే, 15 అంకెలు దాటితే ఆ తర్వాతవి సున్నాలైపోతాయి (పేమెంట్ ఆగిన రోజు గానీ తెలీదు).

ఇంక తేదీలు. సిస్టమ్ అమెరికా పద్ధతిలో నెల ముందు చదివేదైతే 13వ తేదీ నుంచి ఎర్రరొస్తుంది, అది నయమే, 05/04 మాత్రం ఏప్రిల్ 5 కాకుండా మే 4గా గప్‌చుప్‌గా ఎక్కేస్తుంది, కాబట్టి ఎక్కినవి కూడా ఒకసారి తిరగేయండి. కన్‌స్ట్రైంట్ (కోడ్ మాస్టర్లో ఉందా లేదా అని చూసే ఆ తనిఖీ) ఆపేసి తోసెయ్యమని ఎవరన్నా చెప్తే వినకండి. ముందు పార్టీలు, ఐటమ్‌లు, తర్వాతే బిల్లులు, అదీ ఒక 10 లైన్లతో టెస్ట్ సర్వర్లో.