అమ్మానాన్నలతో బంగళా హోటల్లో ఒక రాత్రి

“అక్కా, నాన్నగారి షష్టిపూర్తికి పల్నాడులోని మా ఊరు వెళ్ళలేకపోయాను. ఇప్పుడు అమ్మానాన్నలు రెడింగ్ వచ్చారు. ఇంగ్లండ్ పల్లెల్లో దొరల బంగళాలను హోటళ్ళుగా మార్చారట కదా, అలాంటిచోట వాళ్ళని ఒక రాత్రి ఉంచాలని ఉంది. వాళ్ళు గుడ్డు కూడా ముట్టరు. అంత డబ్బు పోసి చివరికి పస్తులుండాలేమోనని టెన్షన్‌గా ఉంది.”

తమ్ముడూ, నాలుగు రోజుల ముందు నువ్వు వంటగదికి కబురు పెడితే పస్తులుండే పనే లేదు. పెట్టకపోతే మాత్రం మాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

ఇక్కడికొచ్చిన కొత్తలో మా అత్తగారిని ఒక పేరున్న హోటల్‌కు తీసుకెళ్ళాం. బుకింగ్‌లో ‘వెజిటేరియన్’ అని టిక్ పెట్టి ఊరుకున్నాను. వీళ్ళ వెజిటేరియన్‌లో గుడ్డు ఉంటుందన్న సంగతి అప్పటికి తెలియదు. స్టార్టర్‌లో గుడ్డు, మెయిన్‌లో గుడ్డు, కేకులో సరేసరి. ఆవిడ బ్రెడ్డు, వెన్న తిని లేచారు. నాకు వాళ్ళను మళ్ళీ అడగాలంటే మొహమాటం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక వీళ్ళెందుకు పెడతారు? తరవాతి ఏడు ఇంకోచోటికి వెళ్ళేముందు అన్నీ విడమరిచి మెయిల్ పెట్టాను. ఆ రాత్రి మూడు కోర్సులు ఆవిడకని విడిగా వండారు. ఆఖర్న వెండి మూత తీస్తే తెల్లన్నం, గిన్నెడు పెరుగు! హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ సీసా బయటకు తియ్యాలా వద్దా అని ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి ‘వెజిటేరియన్’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకు. మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు, పెరుగు, వెన్న పర్వాలేదు అని రాయి. ‘వీగన్’ అంటే నెయ్యీ వెన్నా కూడా తీసేస్తారు, అదొక నష్టం. పట్టింపు ఎక్కువైతే జెలటిన్ (జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జిగురు) సంగతి కూడా రాయి, పానకోటా, మూస్ లాంటి తీపి వంటకాల్లో తరచూ ఉంటుంది. అసలైన పార్మజాన్ చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన రెనెట్ (పాలను గడ్డకట్టించేది) పడుతుంది. సూప్ దేంతో కాచారో, చిప్స్ ఏ కొవ్వులో వేయించారో అడగడం తప్పు కాదు. మంచి వంటగది ముందే చెబితే సంతోషిస్తుంది, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితేనే ఇబ్బంది పడుతుంది.

ఇక ఎక్కడికంటావా? నేనైతే ఎయిల్స్‌బరీ దగ్గర హార్ట్‌వెల్ హౌస్ అంటాను. ఫ్రాన్స్ రాజు పద్దెనిమిదో లూయీ 1809 నుంచి 1814 దాకా ప్రవాసంలో తలదాచుకున్న ఇల్లది. ఆయన పరివారం చోటు చాలక ఇంటి కప్పు మీద కోళ్ళనీ కుందేళ్ళనీ పెంచారని చెబుతారు. రాజుగారైనా వలస వచ్చాక సర్దుకోవాల్సిందే కదా! టాప్లో అనే ఊరి దగ్గర క్లైవ్‌డెన్ ఇంకా ఆడంబరంగా ఉంటుంది. ఇప్పుడున్న భవనం 1851లో చార్ల్స్ బారీ కట్టింది, 1893లో ఆస్టర్ కుటుంబం కొంది. ఈ రెండిళ్ళూ ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టువే. యుద్ధాల తరవాత మరణ పన్నులు కట్టలేక, పనివాళ్ళు దొరకక ఎన్నో కుటుంబాలు ఇలాంటి ఇళ్ళు వదులుకున్నాయి. వందల భవనాలు నేలమట్టమయ్యాయి, కొన్ని హోటళ్ళుగా బతికిపోయాయి.

రాత్రికి మూడు వందల పౌండ్లు దాటడం మామూలే. ఆ డబ్బు మంచానికి కాదు, ఇంటికీ తోటకీ ఇస్తున్నావు. ఆఫీసు ముగించుకుని ఎనిమిదింటికి చేరితే సగం డబ్బు గంగలో పోసినట్టే. మూడింటికల్లా చేరు. డ్రాయింగ్ రూమ్‌లో కూర్చుని టీ తెప్పించు, లైబ్రరీ చూపించు, వెలుగుండగానే చెరువుదాకా నడిపించు. ఆదివారం రాత్రి సాధారణంగా చవక. డిన్నర్, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అని కలిపి ఇచ్చే ధర విడివిడిగా కట్టేదానికంటే నయమేమో లెక్క చూసుకో. పాత ఇళ్ళలో మెట్లు ఎక్కువ, అమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే కింది గది అడుగు.

బట్టల గురించి బెంగ వద్దు. అమ్మ పట్టుచీర కడితే హాల్లో అందరికన్నా ఆవిడే దర్జాగా ఉంటుంది. ఫోర్కులు బయటి నుంచి లోపలికి వాడాలి, అంతే. నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘స్టిల్ ఆర్ స్పార్క్‌లింగ్’ (మామూలు సీసా నీళ్ళా, గ్యాస్ నీళ్ళా) అంటే రెండూ డబ్బులే. ట్యాప్ వాటర్ అని అడుగు, మద్యం లైసెన్సున్న చోట ఉచితంగా ఇవ్వాలని రూలు. బిల్లులో 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే పైన మళ్ళీ టిప్పు అక్కర్లేదు.

ఇంకొక సంగతి. నాన్నగారిది పల్నాడన్నావు. పులిచింతల నీళ్ళలో మునిగిన కొల్లూరు ఆయనకు తెలిసే ఉంటుంది. అక్కడి గనిలో దొరికిన 410 క్యారట్ల వజ్రాన్ని మద్రాసు గవర్నర్ థామస్ పిట్ కొని, ఇక్కడ సాన పట్టించి, 1717లో ఫ్రాన్సుకు అమ్మాడు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలోది. వజ్రం అమ్మిన ఏడే పిట్ కార్న్‌వాల్‌లో బొకానక్ ఎస్టేట్ కొన్నాడు. 1726లో చనిపోయింది మన రెడింగ్ పక్కనే, స్వాలోఫీల్డ్ పార్క్‌లో. అదిప్పుడు ఫ్లాట్లయిపోయింది, బయటి నుంచే చూడాలి. తిరుగు ప్రయాణంలో అటు తిప్పి అప్పుడు చెప్పు. వెళ్ళేటప్పుడే చెప్పావో, మెనూలో ధర చూసినప్పుడల్లా “మా ఊరి వజ్రం సొమ్మే కదరా, ఇంకోటి తెప్పించు” అంటారు.