డీసీఎస్ వచ్చి తగ్గాక మళ్ళీ డెకో డైవింగ్‌కి ఎప్పుడు వెళ్ళొచ్చు?

డీసీఎస్ అంటే లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒంట్లో కరిగిన వాయువు బుడగలు కట్టి వచ్చే జబ్బు, మేం ‘హిట్’ అంటాం. డెకో డైవింగ్ అంటే ఆ వాయువు మెల్లగా బయటికి పోయేలా దారిలో కొన్ని లోతుల్లో ఆగుతూ (స్టాప్‌లు) పైకి రావాల్సిన డైవింగ్. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 48 మీటర్ల ట్రైనింగ్ డైవ్ తర్వాత ఎడమ భుజం నొప్పి, వేళ్ళు మొద్దుబారడం. ఛాంబర్‌లో (ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చే గది) ట్రీట్‌మెంట్ అయింది, రెండు నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. గుంటూరులో చూపించుకుంటే డాక్టరు మీకేమీ లేదన్నారు. ఇక ట్రైమిక్స్ (లోతు డైవ్‌లకి వాడే, హీలియం కలిపిన గ్యాస్) కోర్సు పూర్తి చేయొచ్చా, అంతకుముందు ఒకసారి కృష్ణలో దిగి చూసుకోవచ్చా, ఇంట్లో అమ్మ ఒప్పుకోవడం లేదు, ఏం చెప్పాలి అని.

నేనుండేది విజయవాడలో. కొన్నేళ్ళ కిందట నాకూ హిట్ వచ్చింది, ఇప్పుడు మళ్ళీ డెకో డైవింగ్ చేస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మీకు క్లియరెన్స్ ఇవ్వాల్సింది డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరే. ఆయన దగ్గరికి ఏం తీసుకెళ్ళాలో, ఏం అడగాలో మాత్రం నేను చెప్పగలను.

రోజుల లెక్క చిన్న విషయం, ముందు అది చెప్పేస్తాను. డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్ళు వినోదం కోసం డైవ్ చేసేవాళ్ళకి చెబుతూ వచ్చింది ఏమిటంటే, కీళ్ళ నొప్పి ఒక్కటే అయితే కనీసం 2 వారాలు, స్వల్పంగా నరాల లక్షణాలుంటే కనీసం 6 వారాలు ఆగాలి. తీవ్రంగా వచ్చినా, ఏ కొంచెం లక్షణం మిగిలిపోయినా అసలు దిగకూడదు. మీకు వేళ్ళు మొద్దుబారాయి కాబట్టి రెండో రకం కింద లెక్క వేసుకోండి. ఆ గడువు దాటేశారు, నిజమే. కానీ ఈ లెక్క ఎంతకాలం ఆగాలో చెబుతుందే గానీ, మీకు ఎందుకు వచ్చిందో చెప్పదు. ఆ ‘ఎందుకు’ తేలకుండా ట్రైమిక్స్ కోర్సుకి వెళ్ళొద్దని నేను గట్టిగా చెబుతాను.

డైవ్ కంప్యూటర్ నుంచి ఆ రోజు ప్రొఫైల్ (ఎప్పుడు ఎంత లోతులో ఉన్నారో చూపే రికార్డు) దింపి, మీ ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని నిమిషం నిమిషం చూడండి. పైకి వచ్చే వేగం పెరిగిందా, స్టాప్ తగ్గిందా, అడుగున ప్రవాహానికి ఎదురు ఈదారా, వరసగా ఎన్నో రోజు డైవింగ్ అది? కారణం అక్కడే దొరికితే మంచిది, సరిదిద్దుకోవచ్చు. ప్రొఫైల్ శుభ్రంగా ఉండి కూడా హిట్ వచ్చిందంటే ఒంట్లో వెతకాలి.

నాది అలాంటిదే. డెకో మొత్తం పూర్తయింది, కంప్యూటర్ క్లియర్ చేసింది. పడవెక్కిన అరగంటకి లోకమంతా గిర్రున తిరిగింది, వాంతులయ్యాయి, పొట్ట మీద ఊదారంగు మచ్చలు వల అల్లినట్టు లేచాయి. లోపలి చెవికి, చర్మానికి వచ్చే హిట్లలో గుండెలో పీఎఫ్ఓ ఉండే అవకాశం ఎక్కువని డైవింగ్ డాక్టర్లందరికీ తెలుసు. నాకూ అదే బయటపడింది.

పీఎఫ్ఓ అంటే గుండె పై గదుల మధ్య పిండదశలో ఉండే దారి. పుట్టాక మూసుకుపోవాలి, కానీ పెద్దవాళ్ళలో సుమారు 25 శాతం మందికి పూర్తిగా మూసుకోదు. డెకో డైవ్ తర్వాత సిరల్లో బుడగలు రావడం మామూలే, ఊపిరితిత్తులు వాటిని వడకట్టేస్తాయి. ఈ దారి తెరుచుకుంటే అవి వడపోత తప్పించుకుని నేరుగా ధమనుల్లోకి, అక్కణ్ణుంచి మెదడుకీ వెన్నుకీ చెవికీ చేరతాయి. పీఎఫ్ఓ ఉన్న డైవర్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడూ ఏమీ కాదు, కాబట్టి ముందే భయపడకండి. కారణం దొరకని నరాల హిట్ వచ్చినవాళ్ళు మాత్రం పీఎఫ్ఓ ఉందేమో పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి.

మామూలు ఎకోలో ఇది చాలాసార్లు కనిపించదు. అడగాల్సింది బబుల్ కాంట్రాస్ట్ ఎకో. సెలైన్‌ని రవ్వంత గాలితో బాగా గిలకొట్టి చేతి సిరలోకి ఎక్కిస్తారు, మిమ్మల్ని ఊపిరి బిగబట్టి ముక్కి ఒక్కసారిగా వదలమంటారు, అప్పుడు బుడగలు గుండె ఎడమ వైపుకి దాటుతున్నాయేమో చూస్తారు. చిన్న వయసులో స్ట్రోక్ వచ్చినవాళ్ళకి ఇదే పరీక్ష చేస్తారు కాబట్టి విజయవాడ, గుంటూరుల్లోని పెద్ద కార్డియాలజీ విభాగాలకి ఇది కొత్త కాదు. డైవింగ్ సంగతే కొత్త. అందుకే ప్రొఫైల్ ప్రింటు, ఛాంబర్ డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్ళండి. అవి లేకుండా భుజం నొప్పి, వేళ్ళ తిమ్మిరి అంటే మన వైపు ఎవరైనా ముందు స్పాండిలైటిస్ అనుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు.

గుంటూరు డాక్టరు గారు మీకేమీ లేదన్నది రోజువారీ జీవితానికి సరిపోతుంది. మీరు అడగాల్సింది న్యూరాలజిస్టు చేసే పూర్తి నరాల పరీక్ష. ఎందుకంటే వెన్నులో కొన్ని నరాలు దెబ్బతిన్నా మిగిలినవి ఆ పని అందుకుని మనిషి మామూలుగా తిరిగేస్తాడు. చెవిదీ అదే కథ. నాకు కొన్ని వారాల్లో తల తిరగడం పూర్తిగా పోయింది, కానీ ఒక వైపు బ్యాలెన్స్ అవయవం ఇంకా బలహీనంగానే ఉందని, మెదడు కళ్ళ సాయంతో సర్దుకుందని పరీక్షలో తేలింది. వెలుతురు లేని నీళ్ళలో ఆ కళ్ళ సాయం ఉండదు. బాగానే ఉన్నానన్న ధైర్యంతో దిగి ఉంటే అడుగున తెలిసేది. రెండోసారి దెబ్బ తగిలితే సర్దుకోవడానికి మిగిలేది తక్కువ, ఇది మాత్రం మనసులో పెట్టుకోండి.

పీఎఫ్ఓ ఉందని తేలితే రెండు దారులు. పరికరంతో మూయించుకోవచ్చు. తర్వాత కనీసం 3 నెలలు ఆగి, మళ్ళీ బబుల్ పరీక్షలో పూర్తిగా మూసుకుందని చూశాకే నీళ్ళలోకి. లేదా మూయించకుండా, బుడగలే తక్కువ పుట్టేలా డైవ్ చేయడం. నేను రెండోది ఎంచుకున్నాను. లోతు నాకు జీవనాధారం కాదు, ఆరోగ్యంగా కొట్టుకుంటున్న గుండెలో సరదా కోసం పరికరం పెట్టించుకోవాలనిపించలేదు. మీరు 60 మీటర్ల ట్రైమిక్స్‌కే వెళ్ళాలనుకుంటే కార్డియాలజిస్టు మీకు వేరేలా చెప్పవచ్చు.

తిరిగి వెళ్ళేటప్పుడు వదిలిన చోట మొదలుపెట్టకండి. ముందు ఈత కొలనులో గేర్‌తో ఒంటిని చూసుకోండి. తర్వాత డెకో లేని తక్కువ లోతు డైవ్‌లు: పీల్చేది నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి), జాగ్రత్త కోసం కంప్యూటర్ సెట్టింగ్ మాత్రం మామూలు గాలి మీద. రోజుకి ఒకటే. వాటిలో ఏ తేడా లేకపోతే చిన్న డెకో. ట్రైమిక్స్ అన్నిటికంటే చివర. గ్రేడియంట్ ఫ్యాక్టర్లంటే డెకో ఎంత జాగ్రత్తగా లెక్కవేయాలో కంప్యూటర్‌కి చెప్పే రెండు శాతాలు: ‘లో’ తగ్గిస్తే మొదటి స్టాప్ ఇంకా లోతున వస్తుంది, ‘హై’ తగ్గిస్తే చివర ఎక్కువసేపు ఆగాలి. వాటిలో ‘లో’ని 20కి దించితే సేఫ్ అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అమెరికా నేవీ 2011లో ప్రచురించిన ప్రయోగంలో, మొత్తం డెకో సమయం ఒకటే అయినా లోతు స్టాప్‌లు పెట్టిన ప్లాన్‌కే ఎక్కువ హిట్లు వచ్చాయి. అందుకని నేను ‘హై’ని 70 లోపు ఉంచి, 6 మీటర్ల దగ్గర ఆక్సిజన్ మీద అదనంగా ఉంటాను. డెకోలో చలి పట్టకుండా చూసుకోండి. అడుగున వెచ్చగా ఉండి డెకోలో చల్లబడటమే అన్నిటికంటే చెడ్డది, మన సముద్రం వెచ్చనే అయినా గంటసేపు కదలకుండా వేలాడితే ఒళ్ళు చల్లబడుతుంది. పైకి వచ్చాక ట్విన్‌సెట్‌తో (వీపు మీది జంట సిలిండర్లు) నిచ్చెన ఎక్కొద్దు, సిలిండర్లు మోయొద్దు. ముక్కి బరువెత్తితే గుండెలోని ఆ పీఎఫ్ఓ దారి తెరుచుకునేది అప్పుడే. స్టేజ్‌లు (పక్కన తగిలించుకునే అదనపు సిలిండర్లు) నీళ్ళలోనే విప్పి అందించండి, ఎవరేమనుకుంటారో అని మొహమాటపడకండి.

కృష్ణలో వద్దు. బ్యారేజీ ఎగువన బురదనీళ్ళు, చేయి చాస్తే చేయి కనపడదు, వలలు, తాళ్ళు, గేట్ల వైపు లాగే ప్రవాహం. 2024 సెప్టెంబరు వరదలో గేట్లకి కొట్టుకున్న పడవల్ని కోసి తీసిన డైవర్లది వేరే వృత్తి, వేరే ఏర్పాట్లు. హిట్ నుంచి కోలుకున్న మనిషి ఒంటిని పరీక్షించుకునే చోటు అది కాదు.

ఎక్కడికి వెళ్ళినా ముందు ఛాంబర్ సంగతి ఫోన్ చేసి కనుక్కోండి. అండమాన్‌లో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) లోని నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ ధన్వంతరిలో ఉంది, కానీ డైవింగ్ జరిగే హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) నుంచి అక్కడికి ఫెర్రీలో గంటన్నర పైనే. అంతసేపటికి సరిపడా ఆక్సిజన్ పడవలో ఉందా అని అడగండి. ఎత్తుకి వెళ్తే చుట్టూ ఒత్తిడి తగ్గి ఒంట్లో బుడగలు పెరుగుతాయి, అందుకే డెకో డైవ్ తర్వాత నేను 24 గంటలు దాటాకే విమానం ఎక్కుతాను. విశాఖలో డైవ్ చేసి సాయంత్రం అరకు పోదామనే స్నేహితులు ఉంటారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, దారిలో అనంతగిరి ఘాట్ ఇంకా ఎక్కువ. రోడ్డు మీద వెళ్ళినా ఒంటికి అది ఎత్తే. ఆ టూరు డైవింగ్‌కి ముందు పెట్టుకోండి.

అమ్మ విషయం. ఆవిడకి నచ్చజెప్పే పని మీరొక్కరే పెట్టుకోకండి. కార్డియాలజిస్టు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి, ఆవిడ అడగాల్సినవి ఆవిడే అడగనివ్వండి. మా ఇంట్లో టెన్షన్ తగ్గింది అలాగే. బబుల్ ఎకో అయ్యాక రిపోర్టులో బుడగలు ఎన్ని దాటాయని రాశారో, మామూలుగా ఉన్నప్పుడా లేక ముక్కినప్పుడు మాత్రమేనా అన్నది ఇక్కడే పెట్టండి. ఆ రెండూ తెలిస్తే డైవింగ్ డాక్టరుని ఏం అడగాలో ఇంకొంచెం వివరంగా రాస్తాను.